కళింగపట్నం ఫైబర్ బోటు మీద నాలుగు పాచ్‌ల యాంటెనా: ప్రాజెక్టు డైరీ

ఏం కడుతున్నాం, ఎందుకు

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పల్లెల్లో కరెంటూ సెల్ టవర్లూ రోజుల తరబడి పడిపోయాయి. అలాంటప్పుడు ఒడ్డున ఉన్నవాళ్లకైనా, వేటకు వెళ్లినవాళ్లకైనా మిగిలే దారి ఉపగ్రహం ఒక్కటే. 2019లో వచ్చిన జెమినీ పరికరం గగన్ (జీపీఎస్ కచ్చితత్వాన్ని పెంచే మన దేశపు వ్యవస్థ) ఉపగ్రహాల ద్వారా తుపాను హెచ్చరికలు బోటుకు చేరుస్తుంది కానీ బోటు నుంచి తిరిగి మాట పంపలేదు. రెండు వైపులా మాట నడవాలంటే జీశాట్-6 లాంటి ఎస్-బ్యాండ్ మొబైల్ ఉపగ్రహం కావాలి. 2015 ఆగస్టు 27న ఎగిరిన ఆ ఉపగ్రహానికి ఆకాశంలో విచ్చుకునే 6 మీటర్ల యాంటెనా పెట్టారు. కింద బోటు మీద ఉండేది అరచేతిలో పట్టే యాంటెనా కాబట్టి పైన అంతది పెట్టక తప్పలేదు.

కింది యాంటెనాను కొంచెం పెంచితే ఎంత లాభమో చూడటమే ఈ పని. ఒక పాచ్ (చదునైన చిన్న యాంటెనా) బదులు నాలుగు పెట్టి వాటి సిగ్నళ్లను సరైన ఫేజ్‌లో, అంటే తరంగాల ఎత్తుపల్లాలు ఒకదాని మీద ఒకటి పడేలా, కలిపితే లెక్క ప్రకారం 6 డీబీ, అంటే నాలుగు రెట్లు వస్తుంది. కానీ బలం పెరిగిన కొద్దీ బీమ్, అంటే యాంటెనా వినే దిక్కు, సన్నబడుతుంది. సన్నబడిన బీమ్‌ను ఊగే బోటు మీద ఉపగ్రహం వైపే నిలపాలి.

లెక్క వేసి చూస్తే విషయం తేలిపోతుంది. కళింగపట్నం నుంచి 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీదున్న, గగన్ సిగ్నల్ పంపే జీశాట్-10 ఉపగ్రహం సుమారు 68.4 డిగ్రీల ఎత్తులో, 183.6 డిగ్రీల దిక్కులో, అంటే దాదాపు నేరుగా దక్షిణాన ఉంటుంది. నడినెత్తి నుంచి 21.6 డిగ్రీల వాలు. బీమ్‌ను నిట్టనిలువుగా బిగించేస్తే ఆ వాలుకే 1.5 డీబీ పోతుంది. బోటు ఉత్తరం వైపు ఇంకో 20 డిగ్రీలు ఒరిగితే మొత్తం 41.6 డిగ్రీలు, నష్టం 5.9 డీబీ. నాలుగు పాచ్‌లు తెచ్చిన 6 డీబీ అక్కడే కరిగిపోయింది. తిప్పలేని నాలుగు కన్నా ఒంటి పాచే నయం.

ఉపగ్రహానికి సిగ్నల్ పంపడం ఈ ప్రాజెక్టులో లేదు. అనుమతి లేకుండా ఉపగ్రహ ఫోన్ దగ్గర ఉంచుకోవడమే మన దేశంలో నేరం, ప్రయోగం పేరుతో పంపడం ఇంకా పెద్ద నేరం. వినడం వరకే. వినడానికి గగన్ సిగ్నల్‌ను ఎంచుకున్నాం. అది 1575.42 మెగాహెర్ట్జ్‌లో ఆగకుండా వస్తుంది, కోడ్ అందరికీ తెలిసినదే, జీశాట్-10 కోడ్‌ను గుర్తించే పీఆర్ఎన్ సంఖ్య 128. మొబైల్ ఉపగ్రహాలు వాడే ఎల్-బ్యాండ్, 1525 నుంచి 1559 మెగాహెర్ట్జ్, దీని పక్కనే ఉంది కాబట్టి ఇక్కడ నేర్చినది అక్కడికీ పనికొస్తుంది.

వారం 1: ప్లేటు, పాచ్‌లు

అల్యూమినియం ప్లేటు 300 × 300 మిల్లీమీటర్లు, మందం 2 మిల్లీమీటర్లు. దాని మీద ఎల్ఎన్ఏ (బలహీన సిగ్నల్‌ను పెంచే ఆంప్లిఫయరు) లోపలే ఉన్న 25 × 25 × 4 మిల్లీమీటర్ల సెరామిక్ జీపీఎస్ పాచ్‌లు నాలుగు, చదరపు మూలల్లో, మధ్య నుంచి మధ్యకు 95 మిల్లీమీటర్ల దూరంలో. ఈ ఫ్రీక్వెన్సీలో తరంగదైర్ఘ్యం 190.3 మిల్లీమీటర్లు, 95 అంటే అందులో సగం. ఇంతకన్నా దూరం జరిపితే పక్కకు దొంగ బీమ్‌లు మొలుస్తాయి. దగ్గరికి తెస్తే పాచ్‌లు ఒకదాన్నొకటి లాగేసుకుంటాయి. అయిదో పాచ్‌ను అదే రకం చిన్న ప్లేటు మీద విడిగా పెట్టాం. నాలుగు కలిసి ఎంత తెచ్చాయో అదే క్షణంలో ఒంటి పాచ్‌తో పోల్చి చూడటానికి. రోజు మార్చి పోల్చే అంకెలకు విలువ ఉండదు.

గాలిలో 1 డిగ్రీ ఫేజ్ అంటే అర మిల్లీమీటరు. రంధ్రాలు స్కేలు పెట్టి గుర్తించి చేతి డ్రిల్లుతో వేస్తే ఒక మిల్లీమీటరు ఇటూ అటూ అవుతుంది. కాగితం మీద అచ్చు తీసి ప్లేటుకు అంటించి, పంచ్‌తో చుక్క కొట్టి, ముందు 2 మిల్లీమీటర్ల డ్రిల్లుతో వేసి తర్వాత పెంచితే 0.3 లోపలే నిలిచింది.

మొదటి బిగింపులో ఒక తప్పు దొర్లింది. కేబుల్ సులువుగా బయటికి రావాలని మూడో పాచ్‌ను 90 డిగ్రీలు తిప్పి పెట్టారు. ఇవి కుడిచేతి వృత్తాకార పోలరైజేషన్ పాచ్‌లు, అంటే తిరుగుతూ వచ్చే తరంగాన్ని పట్టేవి. ఇలాంటి పాచ్‌ను ఎన్ని డిగ్రీలు తిప్పితే దాని ఫేజ్ కూడా అన్ని డిగ్రీలు తిరుగుతుంది. కాలిబ్రేషన్‌లో, అంటే పాచ్‌ల మధ్య తేడాలు కొలిచి దిద్దేటప్పుడు, ఆ 90 సర్దుకుంటుందిగా అనిపిస్తుంది. నడినెత్తిన ఉన్న ఉపగ్రహానికి సర్దుకుంటుంది కూడా. కానీ చవక సెరామిక్ పాచ్ కింది కోణాల్లో పూర్తి వృత్తాకారంగా ఉండదు, తిప్పిన పాచ్ తేడా ఒక్కో దిక్కుకు ఒక్కోలా వస్తుంది. నాలుగు పాచ్‌ల ఫీడ్ పిన్నులూ ఒకే దిక్కు చూడాలి. విప్పి మళ్లీ బిగించాం.

వారం 2: కేబుళ్లు, రిసీవర్

రిసీవర్ క్రాకెన్ ఎస్‌డీఆర్, సాఫ్ట్‌వేర్‌తో నడిచే రేడియో. ఒకే గడియారంతో నడిచే అయిదు చానళ్లు, 1766 మెగాహెర్ట్జ్ దాకా వింటుంది, సెకనుకు 24 లక్షల శాంపిళ్లు, ఒక్కోటి 8 బిట్లు. గగన్ సిగ్నల్ వెడల్పు సుమారు 2 మెగాహెర్ట్జ్, సరిగ్గా పడుతుంది. వెనక రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటరు. అయిదు చానళ్లు కలిపి సెకనుకు 24 మెగాబైట్లు, నిమిషం రికార్డింగు 1.44 గిగాబైట్లు. మెమరీ కార్డు మీదికి నేరుగా రాస్తే మధ్యలో ఊపిరాడక శాంపిళ్లు జారిపోతున్నాయి. ఎస్ఎస్‌డీ పెట్టాక ఆగింది.

శాంపిల్ జారడం ఎందుకంత ప్రమాదమంటే, ఒక శాంపిల్ అంటే 417 నానోసెకన్లు. ఒక చానల్ మిగతా వాటికన్నా ఒక్క శాంపిల్ వెనకబడితే మధ్య నుంచి 1 మెగాహెర్ట్జ్ అవతల ఫేజ్ 150 డిగ్రీలు తప్పుతుంది. బీమ్ అనే మాటే ఉండదు. క్రాకెన్‌లో లోపలే ఒక నాయిస్ సోర్సు ఉంది, దాన్ని అన్ని చానళ్లకూ ఒకేసారి ఇచ్చి వరస సరిచూసుకోవచ్చు. రికార్డింగు మొదట్లో ఒకసారి, చివర ఒకసారి చూస్తున్నాం. రెండూ కలవకపోతే ఆ ఫైలు తీసేయడమే.

కేబుళ్లు ఆర్‌జీ-316, ఒక్కోటి 1.5 మీటర్లు. ఈ కేబుల్లో తరంగం కుదించుకుపోతుంది, 5 మిల్లీమీటర్ల పొడవు తేడాకే 13.6 డిగ్రీలు. నాలుగూ ఒకే చుట్ట నుంచి కోసి, ఒకే చేత్తో కనెక్టర్లు బిగించాలి. ఎస్ఎంఏ కనెక్టర్లను చేత్తో తిప్పి వదిలేస్తే ప్రతిసారీ ఫేజ్ మారుతోంది. టార్క్ స్పానరు ఉంటే మంచిది, లేకపోతే చిన్న స్పానరుతో నాలుగూ ఒకే బిగువుకు తెచ్చి నెయిల్ పాలిష్‌తో గుర్తు గీయండి. గీత కదిలిందంటే కాలిబ్రేషన్ పోయినట్టే.

గెయిన్ (సిగ్నల్‌ను ఎంత పెంచాలన్నది) ఆటోమేటిక్‌లో ఉంచకూడదు. ఈ ట్యూనర్లలో గెయిన్ మెట్టు మారితే ఫేజ్ కూడా మారుతుంది. నాలుగింటికీ ఒకే గెయిన్ చేత్తో పెట్టి, పని అయ్యేదాకా దాన్ని ముట్టుకోకూడదు.

వారం 3: సిగ్నల్ ఎక్కడుంది

స్పెక్ట్రమ్ తెర మీద ఏమీ కనబడదు, కనబడకూడదు కూడా. 2 మెగాహెర్ట్జ్ వెడల్పులో సహజ నాయిస్ మైనస్ 111 డీబీఎం (1 మిల్లీవాట్‌తో పోల్చిన బలం) దగ్గర ఉంటుంది. ఉపగ్రహం నుంచి వచ్చేది మైనస్ 130 ప్రాంతం. నాయిస్ కింద 20 డీబీ లోతున పడి ఉన్న దాన్ని కోడ్‌తో గుణించి పైకి తీయాలి. 1 మిల్లీసెకను శాంపిళ్లు 2400 తీసుకుని, పీఆర్ఎన్ 128 కోడ్‌తో ఎఫ్ఎఫ్‌టీ అనే వేగమైన లెక్కతో కోరిలేషన్, అంటే రెండూ ఎక్కడ కలుస్తాయో చూడటం. ఇలాంటి భూస్థిర ఉపగ్రహానికి డాప్లర్ (కదలిక వల్ల ఫ్రీక్వెన్సీ మారడం) దాదాపు లేదు, ఫ్రీక్వెన్సీ తేడా అంతా రిసీవర్ గడియారానిదే. 1 పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) తప్పే గడియారానికి అది 1575 హెర్ట్జ్. అందుకే అటూ ఇటూ 2.5 కిలోహెర్ట్జ్ వరకు, 500 హెర్ట్జ్ అడుగులతో వెతికాం.

మూడు చానళ్లలో శిఖరం వచ్చింది, రెండో చానల్లో రాలేదు. బయాస్-టీ (కేబుల్ గుండా కరెంటు పంపే ఏర్పాటు) ఆన్ చేయలేదు, ఎల్ఎన్ఏకి కరెంటే అందలేదు. ఆన్ చేశాక ఒంటి పాచ్ దగ్గర 41 డీబీ-హెర్ట్జ్ (నాయిస్‌తో పోల్చిన సిగ్నల్ బలం) ప్రాంతంలో నిలిచింది.

వారం 4, 5: కాలిబ్రేషన్

మొత్తం పనిలో చాలా కాలం ఇక్కడే పోయింది, పోవాలి కూడా. బీమ్‌ఫార్మింగ్ కోడ్ వందో రెండొందలో లైన్లు. కాలిబ్రేషన్ లేకపోతే ఆ లైన్లు ఎటు చూపిస్తే అటు గుడ్డిగా చూపిస్తాయి.

మొదట నాయిస్ సోర్సుతో వచ్చిన దిద్దుబాట్లనే నమ్మి దిక్కు లెక్క వేస్తే జీశాట్-10 ఉండాల్సిన చోటికి 20 డిగ్రీలు దాటి కనబడింది. కారణం స్పష్టమే. ఆ నాయిస్ రిసీవర్ పెట్టె లోపల పుడుతుంది. పెట్టె బయట ఉన్న పాచ్, ఎల్ఎన్ఏ, ఎల్ఎన్ఏలోని ఫిల్టరు, కేబుల్, ఇవేవీ దాని లెక్కలోకి రావు. తప్పు ఉన్నదంతా అక్కడే.

దానికి మందు ఆకాశంలోనే ఉంది. ఏ వేళైనా ఏడెనిమిది జీపీఎస్ ఉపగ్రహాలు మంచి ఎత్తులో ఉంటాయి. పక్కన పెట్టిన మామూలు జీపీఎస్ మాడ్యూల్ వాటి దిక్కూ ఎత్తూ చెబుతుంది. ఒక్కో ఉపగ్రహానికి మొదటి పాచ్‌తో పోలిస్తే మిగతా మూడింటి ఫేజ్ తేడా ఎంత ఉండాలో జ్యామితి చెబుతుంది, ఎంత ఉందో కోరిలేటర్ చెబుతుంది. రెండింటి మధ్య మిగిలినదే దిద్దుబాటు. అన్ని ఉపగ్రహాలకూ కలిపి కనిష్ఠ వర్గాల పద్ధతిలో మూడు సంఖ్యలు పట్టాలి. నాలుగో తెలియని సంఖ్య కూడా ఉంది, ప్లేటు నిజంగా ఏ దిక్కు చూస్తోందన్నది. 45 డిగ్రీల ఎత్తులో ఉన్న ఉపగ్రహానికి ప్లేటు దిక్కులో 5 డిగ్రీల తప్పు 11 డిగ్రీల ఫేజ్ తప్పు తెస్తుంది. దిక్సూచి చెప్పినదాన్ని నమ్మకుండా దాన్ని కూడా లెక్కలోనే పట్టండి.

మాడ్యూల్ దిక్కులను పూర్తి డిగ్రీల్లోనే ఇస్తుంది. అర డిగ్రీ సర్దుబాటుకు ఫేజ్‌లో డిగ్రీన్నర పోతుంది, ఇక్కడ అది చాలు.

మిద్దె మీద చేస్తున్నప్పుడు 25 డిగ్రీల కన్నా కింద ఉన్న ఉపగ్రహాలను తీసేయక తప్పలేదు. పిట్టగోడ, పైకి వదిలిన ఇనుప చువ్వలు, నిండుగా ఉన్న నీళ్ల ట్యాంకు, ఇవన్నీ సిగ్నల్‌ను తిప్పి కొడతాయి. వాటి దగ్గర 30 నుంచి 40 డిగ్రీల తేడాలు కనబడ్డాయి. ఆ పైన ఉన్నవి మాత్రమే ఉంచితే మిగిలిన తప్పు 4 డిగ్రీల లోపుకు దిగింది. ఉదయం ఆరింటికి తీసిన దిద్దుబాటును మధ్యాహ్నం ఎండలో వాడితే మూడో పాచ్ 9 డిగ్రీలు తప్పింది. నాలుగూ ఒకేలా వేడెక్కితే ఫేజ్ అన్నింటిలో ఒకేలా జరుగుతుంది, బీమ్‌కు ఏమీ కాదు. ఆ రోజు మూడో పాచ్ మీద కర్ర నీడ పడింది. ప్లేటు అడుగున థర్మోకోల్ కట్టి, పైన తెల్లటి మూత వేశాక తేడా 3 డిగ్రీలకు తగ్గింది.

మూత పాలీప్రొపిలీన్ తొట్టిని కోసి చేసినది. పాచ్ పైన 20 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. తాకేలా పెట్టి చూస్తే పాచ్ ట్యూనింగ్ కిందికి జరిగి 2 డీబీ పోయింది.

వారం 6: కాలిబ్రేషన్ అక్కర్లేని బీమ్

ఇక్కడ ఒక చక్కని సంగతి ఉంది. ప్రతి మిల్లీసెకనుకూ కోరిలేటర్ నాలుగు కాంప్లెక్స్ సంఖ్యలు ఇస్తుంది, పాచ్‌కు ఒకటి. ఆ నాలుగింటి వెక్టర్‌ను దాని కాంజుగేట్‌తో (ఫేజ్ గుర్తు తిప్పిన రూపంతో) గుణించి వంద మిల్లీసెకన్లు సగటు తీస్తే 4 × 4 మాట్రిక్స్ వస్తుంది. దాని అతి పెద్ద ఐగన్ వెక్టరే, అంటే దాంట్లో అన్నింటికన్నా బలమైన సరళే, ఉపగ్రహం వైపు బీమ్ తిప్పడానికి కావలసిన ఫేజ్‌లు. పాచ్ తప్పులూ కేబుల్ తప్పులూ దాంట్లోనే కలిసి వస్తాయి కాబట్టి విడిగా దిద్దక్కర్లేదు. గగన్ డేటా ప్రతి 2 మిల్లీసెకన్లకు గుర్తు మార్చవచ్చు, కానీ ఆ గుర్తు నాలుగు చానళ్లలోనూ ఒకేసారి మారుతుంది. కాంజుగేట్‌తో గుణించినప్పుడు మైనస్‌లు రెండూ కొట్టేసుకుంటాయి. అందుకే డేటా విప్పకుండానే వంద మిల్లీసెకన్లు కలపగలిగాం. 42 డీబీ-హెర్ట్జ్ దగ్గర ఇలా వచ్చే ఫేజ్ తడబాటు 1 డిగ్రీ చుట్టూ ఉంటుంది.

కదలని ప్లేటు మీద ఒంటి పాచ్‌కు 41.0, నాలుగు కలిసిన బీమ్‌కు 46.2. లాభం 5.2 డీబీ. 6 రావాల్సిన చోట మిగతా 0.8 పాచ్‌ల మధ్య లాగుడుకీ, నాలుగు ఎల్ఎన్ఏల నాయిస్ సమానంగా లేకపోవడానికీ పోయింది.

మరి కాలిబ్రేషన్ ఎందుకు చేసినట్టు? ఈ పద్ధతికి సిగ్నల్ ఎప్పుడూ వస్తూ ఉండాలి. గగన్ అలా వస్తుంది. మొబైల్ ఉపగ్రహ సంభాషణలో తన వంతు వచ్చినప్పుడే సిగ్నల్ వస్తుంది, ఆ వంతుకు ముందే బీమ్ అటు తిరిగి ఉండాలి. పైగా మాట పంపే ఫ్రీక్వెన్సీ వేరు. ఎల్-బ్యాండ్‌లో దిగేది 1525 నుంచి, ఎక్కేది 1626.5 నుంచి. 95 మిల్లీమీటర్ల దూరానికి జ్యామితి తేడా 40 డిగ్రీల వాలులో కూడా 8 డిగ్రీలు దాటదు. ఫిల్టర్లూ ఆంప్లిఫయర్లూ మాత్రం పూర్తిగా వేరే ఫేజ్ ఇస్తాయి. వినడానికి దొరికిన వెయిట్లను (ఒక్కో పాచ్‌కు ఇచ్చే ఫేజ్, బలం) పంపడానికి ఎత్తి పెట్టుకోవడం కుదరదు. ఉపగ్రహం ఏ కోణంలో ఉందో తెలియాలి, కోణం తెలియాలంటే కాలిబ్రేషన్ కావాలి.

వారం 7: ఉయ్యాల ఎందుకు పనికిరాలేదు

బోటు ఊపును ఒడ్డున తెచ్చుకోవడానికి ప్లేటును ఉయ్యాల బల్ల మీద బిగించాం. ఊపు కొలవడానికి ఐసీఎం-20948 సెన్సరు, సెకనుకు 200 సార్లు. గైరో (తిరిగే వేగం కొలిచేది), యాక్సిలరోమీటరు (త్వరణం కొలిచేది), దిక్సూచి మూడూ దాంట్లోనే ఉన్నాయి. బల్ల కళ్లెదుట 20 డిగ్రీలు ఊగుతుంటే సెన్సరు 3 డిగ్రీలు కూడా చూపించలేదు.

సెన్సరు తప్పేమీ లేదు. ఉయ్యాల మీద కూర్చున్నవాళ్ల చేతిలో నీళ్ల గ్లాసు ఒలకదు, ఎందుకంటే ఊపు వల్ల వచ్చే త్వరణం బరువు వాలును సరిగ్గా కొట్టేస్తుంది. యాక్సిలరోమీటరుకు ఎప్పుడూ తాడు దిక్కే కిందు. గైరో నిజం చెబుతున్నా, రెండింటినీ కలిపే ఫిల్టరు యాక్సిలరోమీటరు మాట విని కోణాన్ని సున్నా వైపు లాగేసింది.

కెరటం మీద చిన్న బోటు కూడా కొంతవరకు ఇలాగే ప్రవర్తిస్తుంది, కెరటం వాలుతో పాటు వంగుతుంది, త్వరణం దాన్ని దాచేస్తుంది. కాబట్టి ఇది ఉయ్యాలతో పోయే సమస్య కాదు. ఫిల్టరులో యాక్సిలరోమీటరు ప్రభావాన్ని బాగా తగ్గించి, అది అర నిమిషం సగటుకు మాత్రమే కోణాన్ని లాగేలా చేశాం. గైరో జారుడు ఆ అర నిమిషంలో సమస్య కాదు.

ఉయ్యాల తీసేసి, మధ్యలో ఇరుసున్న తూగుడు బల్ల చేశాం. కారు వైపర్ మోటారు, క్రాంకు, 12 వోల్టుల పీడబ్ల్యూఎం (కరెంటును ముక్కలుగా ఇచ్చి వేగం తగ్గించే పద్ధతి)తో నిమిషానికి 15 తిప్పులు, అంటే 4 సెకన్లకు ఒక ఊపు, అటూ ఇటూ 20 డిగ్రీలు. ఇరుసు తూర్పు పడమరలుగా పెడితే బల్ల ఉపగ్రహం వైపుకూ దాని నుంచి అవతలికీ ఒరుగుతుంది. ఇదే అన్నింటికన్నా కఠినమైన పరీక్ష. వైపర్ మోటారు బ్రష్‌ల నిప్పురవ్వలు నాయిస్ పెంచాయి. మోటారు కొసల మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు, తీగ మీద ఫెరైట్ పూస వేశాక పోయింది.

ఆ బల్ల మీద పది నిమిషాల రికార్డింగు. ఒంటి పాచ్ 40 నుంచి 42 మధ్య. తిప్పని నాలుగు పాచ్‌ల మొత్తం 47.4 నుంచి 39.5 దాకా, అంటే ఉత్తరానికి ఒరిగిన ప్రతిసారీ ఒంటి పాచ్ కన్నా కిందికి దిగింది. మొదటి రోజు లెక్క బల్ల మీద అలాగే కనబడింది. ఐగన్ బీమ్ 45.2 నుంచి 47.3.

వారం 8: 180 మిల్లీసెకన్లు

సెన్సరుతో బీమ్ నడిపించి చూస్తే ఐగన్ బీమ్ కన్నా కొంచెం తక్కువ వస్తోంది, అదీ బల్ల వేగంగా కదిలే మధ్య భాగంలోనే. కొసల దగ్గర, బల్ల క్షణం ఆగేచోట, తేడా లేదు. ఈ గుర్తు కనబడితే కోణం తప్పు కాదు, కాలం తప్పు.

రేడియో శాంపిళ్లు యూఎస్‌బీ దాటి, బఫర్లు దాటి ప్రోగ్రాముకు చేరేసరికి ఆలస్యమవుతాయి. సెన్సరు రీడింగు వెంటనే వస్తుంది. పాచ్‌ల ఫేజ్ నుంచి లెక్కించిన ఒరుగునూ గైరో చెప్పిన ఒరుగునూ ఒకదాని మీద ఒకటి జరుపుతూ కోరిలేషన్ చూస్తే శిఖరం 180 మిల్లీసెకన్ల దగ్గర వచ్చింది. ఈ ఊపులో అత్యధిక వేగం సెకనుకు 31 డిగ్రీలు, అంటే ఆలస్యానికే అయిదున్నర డిగ్రీలు. సరిచేశాక సెన్సరు బీమ్, ఐగన్ బీమ్ 0.4 డీబీ లోపల కలిశాయి. బఫరు సైజు మారిస్తే ఈ సంఖ్య కూడా మారుతుంది, ఒకసారి కొలిచి శాశ్వతమనుకోవద్దు.

ఇప్పుడు రెండూ కలిపి నడుపుతున్నాం. గైరో బీమ్‌ను ముందుకు తీసుకుపోతుంది, ఐగన్ వెక్టర్ రెండు సెకన్లకోసారి చిన్నగా దిద్దుతుంది. సిగ్నల్ 35 డీబీ-హెర్ట్జ్ కన్నా కిందికి పడిపోతే దిద్దడం ఆపేసి గైరో మీదే ఉండాలి. ఈ గేటు పెట్టకముందు మనిషి అడ్డొచ్చినప్పుడల్లా బీమ్ నాయిస్‌ను పట్టుకుని ఎటో పోయేది.

వారం 9: అడ్డు సిగ్నల్

పరిస్థితిని బట్టి బీమ్ మార్చుకునే ఇలాంటి యాంటెనాను అడాప్టివ్ అంటారు. ఆ మాటకు రెండో అర్థం, అక్కర్లేని దిక్కున చెవి మూసుకోవడం. దీన్ని పరీక్షించడానికి గాలిలోకి జామర్ వదలకూడదు. జీపీఎస్ బ్యాండ్‌లో అలా చేయడం చట్టరీత్యా నేరం, విమానాలకూ ఓడలకూ ప్రమాదం. కేబుల్ లోపలే చేయాలి. సిగ్నల్ జనరేటరు, అటెన్యుయేటరు, నాలుగు దారుల స్ప్లిట్టరు, పొడవు తేడాలున్న నాలుగు కేబుల్ ముక్కలు, ఒక్కో చానల్లో ఒక్కో కంబైనరు. కేబుల్ పొడవు తేడాలే నకిలీ దిక్కు. కంబైనరు కరెంటును దాటనివ్వని రకమైతే ఎల్ఎన్ఏలు ఆగిపోతాయి, పాచ్ వైపు డీసీ దాటించేదే కొనండి.

నాయిస్ కన్నా 30 డీబీ పైన ఒక సన్న టోన్ ఇచ్చాం. మొదట కోరిలేషన్ తర్వాతి మాట్రిక్స్‌నే తీసుకుని ఎంవీడీఆర్ (కావలసిన దిశను ఉంచి మిగతా బలాన్ని తగ్గించే పద్ధతి) వెయిట్లు వేస్తే గగన్ సిగ్నలే మాయమైంది. ఆ మాట్రిక్స్‌లో అన్నింటికన్నా బలమైనది మనకు కావలసిన ఉపగ్రహమే. చూపిన దిశ నాలుగు డిగ్రీలు తప్పినా పద్ధతి దాన్ని పరాయి సిగ్నల్ అనుకుని నరికేస్తుంది. సరైన దారి వేరు. అడ్డు సిగ్నల్ కోసం కోరిలేషన్‌కు ముందున్న పచ్చి శాంపిళ్ల మాట్రిక్స్ వాడాలి. అక్కడ ఉపగ్రహం నాయిస్ అడుగున దాగి ఉంటుంది కాబట్టి నరకబడే భయం లేదు. దిశ మాత్రం కోరిలేషన్ తర్వాతి ఐగన్ వెక్టర్ నుంచి, అదీ అడ్డు సిగ్నల్ లేనప్పుడు పట్టి గైరోతో ముందుకు తెచ్చినది తీసుకోవాలి. మాట్రిక్స్ కర్ణానికి నాయిస్ స్థాయికి సమానమైన సంఖ్య (లోడింగ్) కలిపితే వెయిట్లు నిలకడగా ఉన్నాయి.

నాలుగు పాచ్‌లతో మూడు దిక్కుల దాకా మూసుకోవచ్చు. ఆ దిక్కుల్లో ఒకటి ఉపగ్రహానికి 25 డిగ్రీల దగ్గరికి వస్తే మాత్రం ఉపగ్రహం బలం కూడా 3 డీబీకి పైగా పోతోంది. ఇంత చిన్న ప్లేటుకు అంతకన్నా సన్న చూపు లేదు.

వారం 11: మొగలో

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం, 61 రోజులు. బోట్లు ఖాళీగా ఉంటాయి. వంశధార మొగలో (నది సముద్రంలో కలిసే చోట) లంగరు వేసిన ఫైబర్ బోటు వెనక భాగంలో ప్లేటు బిగించాం. పోటు వేళ సముద్రం నీరు లోపలికి వచ్చినప్పుడు ఊపు బాగా దొరికింది, 3 నుంచి 4 సెకన్లకోటి, అటూ ఇటూ 12 డిగ్రీలు. పాటు వేళ బోటు మొత్తం లంగరు చుట్టూ తిరిగిపోయింది. ఇదే అసలు పరీక్ష అయింది.

దిక్సూచి ఇక్కడ చెడ్డది. డీజిల్ ఇంజనుకు రెండు మీటర్ల దూరంలో ఉన్నా 25 డిగ్రీలు తప్పు చూపింది, బోటు తిరిగిన కొద్దీ ఆ తప్పు మారింది. ఈ తీరంలో అయస్కాంత ఉత్తరానికీ నిజ ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ కన్నా తక్కువ, కాబట్టి తప్పంతా ఇనుముదే. జీపీఎస్ చెప్పే ప్రయాణ దిక్కు కూడా పనికిరాదు, లంగరు మీద బోటు ఎటూ ప్రయాణించదు. చివరికి దిక్కును పాచ్‌లే చెప్పాయి. నాలుగైదు జీపీఎస్ ఉపగ్రహాల ఫేజ్ తేడాల నుంచి బోటు ముఖం ఎటుందో సెకనుకోసారి లెక్కించి గైరోకు ఇచ్చాం. దిక్సూచి తీగ పీకేశాం.

మూడు గంటల్లో ఒంటి పాచ్ మీద సగటు లాభం 4.7 డీబీ. మిద్దె మీద కన్నా అర డీబీ తక్కువ. మూత మీద పడిన తుంపర దీనికి కారణం. పలుచటి నీటి పొర పరుచుకున్నప్పుడు నాలుగు పాచ్‌లూ తగ్గాయి, ఒకదాని మీద నీరు మడుగు కట్టినప్పుడు దాని ఫేజ్ కూడా జరిగింది. మూతకు కారు మైనం రుద్దితే నీరు పూసలుగా జారిపోతోంది. కనెక్టర్లకు సిలికోన్ గ్రీజు, పైన తనంత తాను అతుక్కునే రబ్బరు టేపు. టేపు చుట్టని ఒక్క కనెక్టరు రెండు రోజుల్లోనే పచ్చగా తుప్పు పట్టింది.

రాత్రి ఎనిమిది తర్వాత

మొగలో ఉన్న మూడో సాయంత్రం, బోటు కదలకపోయినా సిగ్నల్ సెకన్ల వ్యవధిలో 8 నుంచి 10 డీబీ పడి లేచింది. నాలుగు పాచ్‌లలోనూ ఒకేసారి. ముందు కరెంటును, తర్వాత కనెక్టర్లను అనుమానించాం. రెండూ కావు. మనం భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉన్నాం. పొద్దుగూకాక అయనోస్ఫియర్‌లో (పై వాతావరణంలోని విద్యుదావేశ పొరలో) బుడగలు లేచి ఎల్-బ్యాండ్ సిగ్నల్‌ను మినుకుమనిపిస్తాయి, ముఖ్యంగా మార్చి–ఏప్రిల్, సెప్టెంబరు–అక్టోబరుల్లో, సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్లలో. ఆ మినుకు నేల మీద పరుచుకునే కొలత వందల మీటర్లు. 95 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న పాచ్‌లకు అది ఒకేలా తగులుతుంది. ఏ బీమ్ దీన్ని తప్పించలేదు. ఆకాశంలో వేరే చోటున్న రెండో ఉపగ్రహం, లేదా సందేశాన్ని మళ్లీ మళ్లీ పంపే కోడింగ్, ఈ రెండే దారులు. మన తీరానికి చేసే ఏ టెర్మినల్ అయినా దీన్ని లెక్కలో పెట్టుకుని మొదలుపెట్టాలి.

ఈ మినుకు వేళ 35 డీబీ-హెర్ట్జ్ గేటు చక్కగా పనిచేసింది. సిగ్నల్ పడినప్పుడల్లా బీమ్ గైరో మీద నిలిచి, లేచేసరికి సరైన చోటే ఉంది.

మిగిలిన పని

పాచ్‌లను ఎస్-బ్యాండ్‌కు మార్చాలి. క్రాకెన్ అంత పైకి వినదు, ఒక్కో చానల్‌కు ముందు ఒకే ఆసిలేటరుతో నడిచే, ఫ్రీక్వెన్సీని దించే డౌన్ కన్వర్టరు కావాలి. ఆ నాలుగు మిక్సర్ల ఫేజ్ కూడా కాలిబ్రేషన్‌లోకి వస్తుంది. మన దేశపు నావిగేషన్ ఉపగ్రహ వ్యవస్థ నావిక్ 2492.028 మెగాహెర్ట్జ్‌లో ప్రసారం చేస్తోంది కాబట్టి దిద్దుబాటుకు ఆకాశంలో ఆధారం అక్కడా ఉంది. పాచ్‌ల దూరం 60 మిల్లీమీటర్లకు తగ్గుతుంది, ప్లేటు 200 × 200 చాలు. కొత్త ప్లేటుకు రంధ్రాల అచ్చు గీసి పెట్టాం, ఫీడ్ పిన్నులు నాలుగూ ఉత్తరం వైపు.